నాలుగు మూలల పసుపు

మా నాన్న అక్షరాలను తలకిందులుగా చదవగలరు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు దగ్గర్లో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. అక్కడ ఆయన కంపోజిటర్. సీసపు అక్షరాలను అరల్లోంచి ఒక్కొక్కటే ఏరి ఎడమ చేతిలోని స్టిక్కులో పేర్చేటప్పుడు, ఆ వరుస పేర్చేవారి కళ్లకు తలకిందులుగా ఉంటుంది. ఏళ్ల తరబడి అలా చదివీ చదివీ, ఎదుటి మనిషి చేతిలోని కాగితాన్ని కూడా ఆయన ఇవతల కూర్చునే చదివేసేవారు. నేను నేల మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసుకుంటుంటే, ఎదురుగా పీట మీద అన్నం తింటూనే, "మూడో వరుస చూడు తల్లీ, 'పళ్లెం'లో వత్తు మరిచిపోయావు" అనేవారు.

మా ఇంట్లో గ్రీటింగ్ కార్డు కొనడమనే మాటే ఉండేది కాదు. కాగితానికి మాత్రం కరువు లేదు. శుభలేఖలు కోయగా మిగిలిన అంచులు, రంగు సరిగ్గా పడని అట్టలు, క్యాలెండర్ల దళసరి ముక్కలు కటింగు మిషను పక్కన గోనెసంచిలో పడి ఉండేవి. కావలసినవి పట్టుకెళ్లమని ప్రెస్సు యజమాని అనేవారట. రాత్రి ఎనిమిదిన్నరకు సందు మలుపులో సైకిలు గంట వినిపించగానే నేనూ అన్నయ్యా వీధిలోకి పరుగెత్తేవాళ్లం. క్యారియర్‌కు కట్టిన చేతిసంచి విప్పగానే సిరా వాసన, దాని వెనకే కిరోసిన్ వాసన వచ్చేవి. అచ్చయిన తర్వాత అక్షరాలను కిరోసిన్‌తోనే కడిగేవారు. ఇప్పటికీ ఎక్కడైనా కిరోసిన్ వాసన తగిలితే నాకు స్టవ్వు గుర్తుకు రాదు, మీగడ రంగు అట్ట గుర్తుకు వస్తుంది. లేత గులాబీ, మీగడ రంగు, అంచున బంగారు గీత ఉన్న ముక్కలు నావి. తెల్లవన్నీ అన్నయ్యవి, పడవలు చేసుకోవడానికి.

మహారాణిపేటలో, కేజీహెచ్ ఆసుపత్రి వెనక సందుల్లో మాది రెండు గదుల వాటా. డిసెంబరు వస్తే జగదాంబ దగ్గర, పూర్ణా మార్కెట్ దగ్గర దుకాణాల ముందు తాళ్లు కట్టి, బట్టలు ఆరేసినట్టు కార్డులు వేలాడదీసేవారు. గులాబీలు, పావురాలు, సినిమా తారలు, తెరిస్తే లేచి నిలబడే ఇళ్లు. అమ్మతో కూరగాయలకు వెళ్లినప్పుడల్లా నేను వాటి ముందు ఆగిపోయేదాన్ని. కొనమని అడగడానికి కాదు. ఆ ఇల్లు ఎలా లేస్తోంది, మడత ఎక్కడ ఉంది, చీలిక ఎక్కడ పెట్టారు అని చూసి, ఇంటికి వచ్చాక పాత పేపరు మీద కోసి చూసుకునేదాన్ని. మూడు నాలుగు సార్లు చెడిపోయాక ఒకసారి లేచేది.

ఈ విద్యలన్నీ ఒకరి దగ్గర నేర్చుకున్నవి కావు, ఒకరిని చూసి ఒకరం పట్టుకున్నవి. పాత టూత్‌బ్రష్షును నీలం రంగులో ముంచి దువ్వెన పళ్ల మీద గీస్తే సన్నటి తుంపర పడుతుంది. కింద వేపరెమ్మ పెట్టి తుంపర కొట్టి, రెమ్మ తీసేస్తే దాని ఆకారం తెల్లగా మిగులుతుంది. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే ఐదు రేకల పువ్వు. దారాన్ని సిరాలో తడిపి, మడిచిన కాగితం మధ్య వంకరటింకరగా పెట్టి, పైన అరచేత్తో అదిమి కొస పట్టి లాగితే వచ్చే బొమ్మ ఎలా ఉంటుందో లాగేవారికి కూడా తెలియదు.

జిగురు ఒక పెద్ద పని. సీసాల్లో దొరికే గమ్ము ఇట్టే అయిపోయేది. అందుకని మైదాపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద గరిటెకు అంటుకునేదాకా ఉడికించేవాళ్లం. దించే ముందు నాన్న అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు. బైండింగు చేసేవారి పద్ధతి అది. లేకపోతే బొద్దింకలు, వెండిపురుగులు ఆ పిండి కోసం కాగితాన్నంతా కొరికేస్తాయి. మైలుతుత్తం విషం కాబట్టి ఆ నీలం పలుకులను మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ గిన్నె, ఆ గరిటె వేరు. అవి పెరట్లో తులసికోట వెనక గూటిలోనే ఉండేవి, వంటింటి గడప తొక్కేవి కావు.

అంత చేసినా సముద్రం ఊరుకోదు. మా ఊళ్లో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, చలికాలంలో కూడా. రాత్రి అంటించిన కార్డు తెల్లారేసరికి దొప్పలా వంగిపోయేది. రెండు పలకల మధ్య పెట్టి, పైన బియ్యం డబ్బా ఎత్తి, రెండు రోజులు ఎవరూ దాన్ని కదపకుండా కాపలా కాసేదాన్ని. అమ్మ ఆ రెండు రోజులకూ సరిపడా బియ్యం ముందే చేటలోకి తీసి పెట్టుకునేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కార్డుల్లో సగం పని అమ్మదే అనిపిస్తుంది.

1985 సంక్రాంతికి నేను ఐదో తరగతిలో ఉన్నాను. అమ్మమ్మది భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో పెంకుటిల్లు. పండక్కి ఎలాగూ మేమంతా బస్సెక్కి వెళ్తాం. అయినా అమ్మమ్మకు నా కార్డు పోస్టులోనే అందాలని నా పట్టుదల. మీగడ రంగు అట్ట తీసుకుని, నాలుగు వైపులా ఒకే రకం పూలతీగ వేసి, మధ్యలో "అమ్మమ్మకు సంక్రాంతి శుభాకాంక్షలు" అని రాశాను. ఒక్కొక్క అక్షరానికి ఎరుపు, దాని పక్కన నీడలా ఆకుపచ్చ. మూడు సాయంత్రాలు పట్టింది. 'క్ష' కుదరక రెండు అట్టలు పాడయ్యాయి. కవరు మూత అంటించకుండా లోపలికి దోపి, పైన బుక్‌పోస్ట్ అని రాస్తే తక్కువ స్టాంపుతో వెళ్తుందని నాన్న చెప్పారు. చిరునామా చివర 531163 అని పిన్‌కోడు కూడా రాసి, డబ్బాలో వేసి, లోపల పడిన చప్పుడు వినిపించేదాకా చెవి ఆనించి నిలబడ్డాను.

భోగికి ముందురోజు సాయంత్రం భీమిలి చేరాం. కాళ్లు కడుక్కుని లోపలికి పరుగెత్తాను. దేవుడి గూట్లో సింహాద్రి అప్పన్న పటానికీ దీపపు కుందెకూ మధ్య నా కార్డు నిలబెట్టి ఉంది. కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఒక ముద్దమందారం కూడా ఉంది. కార్డు మాత్రం తలకిందులుగా ఉంది.

అమ్మమ్మకు చదువు రాదని నాకు తెలియదా? తెలుసు. భూమి కాగితాల మీద ఆమె వేలిముద్ర వేయడం చూశాను. మామయ్య ఉత్తరాలు వస్తే పక్కింటి పిల్లవాడిని పిలిచి చదివించుకోవడం చూశాను. అన్నీ చూసి కూడా, మూడు సాయంత్రాలు కూర్చుని, ఆమె చదవలేని వాటినే అంత శ్రద్ధగా రంగులు వేసి పంపాను. గొంతు పూడుకుపోయింది. ముందుకు వెళ్లి సరిచేయబోయాను.

నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు. "తిప్పకు తల్లీ. అలాగే ఉండనీ" అన్నారు, నాకు మాత్రమే వినిపించేలా. తర్వాత అక్కడి నుంచే, గూటిలో ఉన్నది ఉన్నట్టుగా, గట్టిగా చదివారు: "అమ్మమ్మకు సంక్రాంతి శుభాకాంక్షలు. ఎంత గుండ్రంగా కుదిరాయి అత్తయ్యా అక్షరాలు!" తలుపు చాటు నుంచి అమ్మమ్మ, "అవును బాబూ, చూడగానే అనుకున్నాను" అంది. ఆమె ముఖంలోని వెలుగు నేను మరిచిపోలేదు. సీసపు అక్షరాలు మా నాన్నకు అన్నం పెట్టాయని అందరూ అంటారు. ఆ రోజు అవి మా అమ్మమ్మ గౌరవం కూడా నిలబెట్టాయి.

రాత్రి అరిసెల పాకం దగ్గర కూర్చున్నప్పుడు అమ్మమ్మ అసలు సంగతి చెప్పింది. "పోస్టుమాన్ వచ్చి నీకే ఉత్తరం అన్నాడమ్మా. నా పేరు మీద ఉత్తరం రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చేతిలోకి తీసుకుని చూద్దును కదా, మూలలకు పసుపు లేదు. కాళ్లు చచ్చుబడిపోయాయి. ఎవరికి ఏమైందో అని అక్కడే అరుగు మీద కూలబడ్డాను. పాపం, ఆ అబ్బాయే మంచినీళ్లిచ్చి, మనవరాలు పంపింది, పండగ కబురు అని చదివి చెప్పాడు."

మన ఇళ్లలో శుభవార్త మోసుకొచ్చే కాగితానికి నాలుగు మూలలా పసుపు రాస్తారు. చావు కబురు చెప్పే కార్డుకు పసుపు ఉండదు. దాన్ని చదివి అక్కడే చింపేస్తారు, గడప లోపలికి తేరు. ఇదంతా నేను ఎన్నో శుభలేఖల మీద చూసిందే, నాన్న సంచిలో వాటి అంచులు తెచ్చుకుని కోసుకున్నదే. అక్షరం రాని అమ్మమ్మ ఒక్క చూపుతో చదవగలిగినది ఆ పసుపు. నేను రాయకుండా వదిలేసినది కూడా అదే.

తర్వాతి ఏడాది అక్టోబరు నుంచే ఆలోచన మొదలుపెట్టాను. అమ్మమ్మ ఏమేమి చదవగలదు? ముగ్గు చదవగలదు, ఎన్ని చుక్కలో, ఎక్కడ తప్పిందో దూరం నుంచే చెబుతుంది. బట్టను వేళ్ల మధ్య నలిపి, ఏ నేతో చెబుతుంది. గాలి వాసన చూసి వాన చెబుతుంది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, ఇసుక తెలుసు. ఈ లెక్కన ఆమెకు వచ్చిన చదువు ముందు నా ఆరో తరగతి ఏపాటిది?

బీచ్‌లో కెరటం వెనక్కి వెళ్లాక తెల్లటి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. విశాఖ నుంచి భీమిలి దాకా ఆ తీరమంతా అంతే. అందులో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయని, తేలిక ఇసుకను నీరు తీసుకుపోతే అవి చారలుగా పేరుకుంటాయని కాలేజీకి వచ్చాక తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఒక్కటే. పాడైపోయిన రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని ఆ చారల మీద తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి. అన్నయ్య అయస్కాంతం తిప్పుతుంటే నేను అగ్గిపెట్టెలోకి దులిపేదాన్ని. ఒక అగ్గిపెట్టె నిండడానికి ఒక ఆదివారం పట్టింది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మామయ్య ఒక పిడికెడు మట్టి కూడా తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడవి భౌగోళిక వారసత్వ స్థలం, అక్కడి మట్టి అలా తీసుకోకూడదు. అప్పట్లో ఊరివాళ్లకు అవి ఊరి దిబ్బలే.

ఈసారి కార్డు మీద ఒక్క అక్షరం కూడా లేదు. ముందు నాలుగు మూలలా పసుపు. కింద జిగురు పూసి, నల్ల ఇసుకను చేటలోంచి చెరిగినట్టు పలచగా జల్లి సముద్రం. దానికి ఇవతల ఎర్రమట్టి ఒడ్డు. పైన అమ్మ నాలుగు చుక్కల చిన్న ముగ్గు వేసి ఇచ్చింది, నక్షత్రాల బదులు. మధ్యలో కొబ్బరిమట్ట పీచుతో పడవ. పడవకు తెరచాప కావాలి. అమ్మ మా బొంత విప్పి, లోపలి పొరలోంచి మెత్తగా అరిగిపోయిన నేత చీర ముక్క ఒకటి కత్తిరించి ఇచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ, సన్నటి ఎర్ర గీత. అది అమ్మమ్మ పాత చీర అని మాత్రం చెప్పింది. ఇసుక రాలితే బుక్‌పోస్ట్‌లో కవరంతా కారిపోతుందని, ఈసారి మూత అంటించి పూర్తి స్టాంపు వేశాం.

పండక్కి వెళ్లేసరికి కార్డు గూట్లోనే ఉంది. సరిగ్గా ఉంది. పడవ కిందికి, ముగ్గు పైకి. అమ్మమ్మ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివింది. అవును, చదివింది. కుడిచేతి చూపుడువేలు పసుపు మీద పెట్టి, "అంతా కులాసా" అంది. ఇసుక మీదికి జరిపి, "ఇది మన రేవు" అంది. ముగ్గు మీద, "ఇది నీ చెయ్యి కాదు, మీ అమ్మ చెయ్యి. ఈ మలుపు నేను నేర్పిందే" అంది. తెరచాప దగ్గర వేలు ఆగిపోయింది. రెండు వేళ్లతో ఆ గుడ్డను నలిపి చూసింది. "నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టింది ఈ చీరలోనే" అంది.

ఆ సంగతి నాకు తెలియదు. అమ్మ చెప్పలేదు, మరిచిపోయిందో ఏమో. నేను ఆ కార్డులో పెట్టని మాటను కూడా అమ్మమ్మ అందులోంచి తీసి నాకు చదివి వినిపించింది.

ఆ తర్వాత ఏటా అమ్మమ్మకు అక్షరం లేని కార్డే. ఒక ఏడాది వట్టివేళ్లు అల్లి అంటించాను, వేసవిదాకా తడిపి తడిపి వాసన చూసుకుందట. ఒక ఏడాది సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితంతో గోపురం చేశాను. ఎంతో బాగుందనుకున్నాను. "చల్లగా ఉందమ్మా" అని పక్కన పెట్టేసింది. నిజమే, ఆ కాగితం వేలికి ఏమీ చెప్పదు. శుక్లాలు ముదిరి చూపు తగ్గాక ఆమె వేళ్లే కళ్లయ్యాయి. అప్పటి నుంచి రంగుల జోలికి పోవడం మానేశాను.

మిగతావారికీ చేసేదాన్ని. స్నేహితులకు, టీచర్లకు, కాకినాడ అత్తయ్యకు. వాటన్నిటి గురించి చెప్పను కానీ ఒక్కటి చెప్పాలి. నేవీ ఉన్న ఊరు కాబట్టి మా క్లాసులో ఎప్పుడూ కొందరు పిల్లలు వస్తూ పోతూ ఉండేవారు. బాగా దగ్గరయ్యేసరికి వాళ్ల నాన్నకు బదిలీ అయ్యేది. అలా కొచ్చి వెళ్లిపోయిన ఒక స్నేహితురాలికి నేను రావి ఆకు కార్డు చేశాను. ముదురు ఆకులను కుండలో నీళ్లు పోసి మూడు వారాలు నానబెట్టాలి. నీళ్లు కుళ్లి ముక్కు మూసుకునే వాసన వస్తుంది. అప్పుడు ఆకును పళ్లెంలో నీళ్లలోనే ఉంచి, మెత్తటి కుంచెతో నిమిరితే కండంతా కరిగిపోయి, ఈనెల వల మాత్రం మిగులుతుంది. కొంచెం తొందరపడితే చిరిగిపోతుంది. ఏడు ఆకులు చిరిగాక ఎనిమిదోది నిలిచింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దోమతెర కన్నా సన్నం. దాన్ని నల్లటి అట్ట మీద అతికించి పంపాను. ఆమెకు తెలుగు చదవడం రాదు, నాకు మలయాళం రాదు. ఆకు చాలనుకున్నాం ఇద్దరమూ. తిరుగు టపాలో ఒక ఎండిన పనస ఆకు వచ్చింది, దాని మీద సూదితో గుచ్చిన పడవ బొమ్మ.

చాలా ఏళ్ల తర్వాత గ్రీటింగ్ కార్డుల చరిత్ర చదివాను. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, ఉత్తరాలు ఒక్కొక్కరికీ రాయడానికి తీరిక లేక, ఒక చిత్రకారుడితో బొమ్మ వేయించి అచ్చు వేయించాడట. అలా మొదటి క్రిస్మస్ కార్డు పుట్టింది. తీరిక లేకపోవడం నుంచి పుట్టిన వస్తువు అన్నమాట. అచ్చు పని చేసే ఇంట్లో పెరిగినదాన్ని, అచ్చు కార్డును చిన్నచూపు చూడను. కానీ నాకు ఎక్కువ నచ్చిన కథ ఇంకొకటి. యూనిసెఫ్ మొట్టమొదటి కార్డు 1949లో, చెకొస్లొవేకియాలోని ఏడేళ్ల పాప వేసిన బొమ్మతో వచ్చింది. యుద్ధం తర్వాత వాళ్ల ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా వేసింది. కాగితం దొరక్క ఆ పాప గాజు పలక మీద వేసిందట. చదవగానే ఆ పాపకు మా నాన్న చేతిసంచి ఇవ్వాలనిపించింది.

ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చాయి. సీసపు అక్షరాలను కిలోల లెక్కన తూచి అమ్మేశారు. ఆ రోజు నాన్న మామూలుగానే ఇంటికి వచ్చి, మామూలుగానే అన్నం తిని, పెందలాడే పడుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందే, 1997లో, నా పెళ్లి శుభలేఖను ఆయనే కంపోజ్ చేశారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వెయ్యి కార్డులకూ నాలుగు మూలలా పసుపు నేనూ అమ్మా అన్నయ్యా కూర్చుని రాశాం, వేళ్లు వారం దాకా పచ్చగానే ఉన్నాయి.

పెళ్లికి అమ్మమ్మ రాలేకపోయింది. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. మంచం దిగే వీలు లేదు. మామయ్య వస్తూ వస్తూ పాత పేపరులో చుట్టి, రెండు అట్టల మధ్య పెట్టి, పురికొసతో కట్టిన ఒక కట్ట తెచ్చాడు. "నీకు ఇమ్మంది. మడత పడకూడదంది" అన్నాడు.

లోపల పాత క్యాలెండరు కాగితం, రెండుగా మడిచి ఉంది. నాలుగు మూలలా పసుపు. తెరిస్తే అమ్మమ్మ కుడి అరచెయ్యి. పసుపును గుజ్జుగా కలిపి చేతికి పూసుకుని అద్దిన ముద్ర. అరచేతి గీతలన్నీ తెల్లటి కాలువల్లా పడ్డాయి. చిటికెనవేలు కత్తిపీట మీద తెగి ఎప్పుడో వంకర పోయింది, అందుకని ఆ వేలి కొస కాగితానికి తగలలేదు. అక్కడ ఖాళీ. అరచేతి మధ్యలో ఎర్రటి బొట్టు. అది కుంకుమ కాదు. పసుపులో సున్నం కలిపితే వచ్చే పారాణి ఎరుపు. పెళ్లికూతురి పాదాలకు పూసే ఎరుపు. నాలుగు కాగితాలు తెప్పించుకుని, మూడింటిని వేళ్లు సరిగ్గా పడలేదని పక్కన పెట్టి, నాలుగోది పంపిందని మామయ్య చెప్పాడు. మంచం మీద పడుకునే.

నా జీవితంలో నేను అందుకున్న కార్డుల్లో నా ఒక్కదాని కోసమే చేసినది అది. అక్షింతలు వేసే వేళ అమ్మ ఆ కాగితాన్ని తెరిచి, పసుపు చెయ్యి నా తలకు తగిలేలా ఆనించి పట్టుకుంది. ఏదో శాస్త్రం కాబోలని మావారి తరఫువాళ్లు అడగలేదు.

రెండేళ్లకు అమ్మమ్మ పోయింది. నేను పంపిన కార్డులన్నీ మామయ్య నాకే తిరిగి ఇచ్చాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. అప్పటికి మేము పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లం. ఉదయం మొదలైన గాలికి మధ్యాహ్నానికి కిటికీ అద్దాలు పగిలి, గదిలో వాన అడ్డంగా కురిసింది. అందరం వంటింట్లో గోడను ఆనుకుని కూర్చున్నాం. గాలి ఆగి బయటికి వచ్చి చూస్తే వీధిలో నిలబడిన చెట్టు లేదు. కరెంటు లేదు. బీరువా తలుపు ఊడి, కింది అరలోని కార్డుల పెట్టెలో నీళ్లు నిలిచి ఉన్నాయి. నేలంతా గాజు పెంకులు. ముందు వాటిని ఊడ్చి, తర్వాత ఒక్కొక్క కార్డునూ విడదీసి, బట్టలకు పెట్టే క్లిప్పులతో తాడుకు తగిలించాను. చిన్నప్పుడు జగదాంబ దగ్గర దుకాణాల ముందు చూసినట్టే ఉంది.

స్కెచ్ పెన్నుతో రాసినవన్నీ ఊదారంగు మరకలయ్యాయి. ఎవరు ఎవరికి ఏమి రాశారో తెలియడం లేదు. అమ్మమ్మ కార్డుల్లో ఇసుక ఉంది, గుడ్డ ఉంది, పీచు ఉంది. తెరచాప కొంచెం ముడుచుకుంది, అంతే. పసుపు చెయ్యి విప్పడానికి మాత్రం భయపడి, అన్నిటికన్నా చివరికి ఉంచాను. కాగితం మీద నీటి చార పడింది. పసుపు లేతబడింది. పారాణి బొట్టు కరిగి అరచేయి అంతా పాకి, పండిన గోరింటాకు చాలా రోజుల తర్వాత వెలిసినట్టు ఉంది. చెయ్యి చెయ్యిలాగే ఉంది. చిటికెనవేలి కొస దగ్గరి ఖాళీ కూడా అలాగే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి బెంగళూరులో ఉంది. దాని కూతురికి ఐదో నెల. ఇది దానికి మొదటి సంక్రాంతి. కార్డు చేద్దామని కూర్చున్నప్పుడు నవ్వొచ్చింది. మళ్లీ అక్షరం రాని మనిషికే చేయాలి. ఈ పాప ఏమేమి చదవగలదు? చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. చదవడమంటే దానికి అదే. కాబట్టి ఇసుక పనికిరాదు. కాగితం పనికిరాదు. జిగురు అసలే వద్దు.

అమ్మమ్మ తెరచాప ముక్కను మెల్లగా ఊడదీసి ఇందులో కుడదామని ఒక రాత్రంతా అనుకున్నాను. నన్ను చుట్టిన చీరలో మిగిలింది ఇక ఆ బొటనవేలంత గుడ్డే. కత్తెర కొస అంచు కిందికి పోనిచ్చాక గుర్తుకు వచ్చింది, దాని వెనక మైలుతుత్తం కలిసిన జిగురు ఉందని. పడవను మళ్లీ అద్దం వెనక పెట్టేశాను. మా అమ్మాయి పుట్టినప్పుడు దాన్ని చుట్టిన నా నూలు చీర ఒకటి ఉంది, లేత నీలం, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. దాన్ని రెండుసార్లు వేడినీళ్లలో ఉడికించి ఆరేసి, కార్డులా రెండుగా మడిచి కుట్టాను. లోపల అదే చీర అంచుతో ఒక పడవ. నాలుగు మూలలా వంటింటి పసుపు, పల్చగా.

నిన్న రాత్రి హాల్లో లైటు కింద చివరి కుట్లు వేస్తున్నాను. నాన్న ఎదురుగా వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటాయి. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. కార్డు ఆయనకు తలకిందులుగా ఉందని, చూపించడానికి ఇటు తిప్పబోయాను.

"తిప్పకు తల్లీ, కనిపిస్తోంది" అన్నారు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, ప్రూఫు చూసినట్టు ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చూశారు.

"పడవ కింద దారం కొస వదిలేశావు. పాప వేలికి చుట్టుకుంటుంది."

కత్తెర కోసం లేచాను.